నిండు గిన్నె

ఆ శనివారం ఉదయం కుల్యాష్ నూనెలో బౌర్సాకుల పిండి ఉండలు వేస్తూనే ఒక చెవి గుమ్మం వైపు పడేసి ఉంచింది. ఆల్మాటీ రైలు వచ్చి గంటయింది. ఏడాది తర్వాత కొడుకు ఇంటికి వస్తున్నాడు. సాయంత్రం ఐదింటికి ఊళ్ళోనే వాడి బృందం కచేరీ. ఆమెకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. భర్త ఓరజ్‌బెక్ మాత్రం పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు బడిలో కజక్ భాష చెప్పిన మనిషి. మన పిల్లలు పోట్లాడుకోవడం కూడా రష్యన్‌లోనే పోట్లాడుకుంటున్నారని ముప్పై ఏళ్ళూ ఏడ్చిన మనిషి.

దౌరెన్ లోపలికొచ్చాడు. నీలం రంగు జుట్టు, కళ్ళకు సన్నటి కాటుక, ఎడమ చెవికి వెండి పోగు.

"ఇదేం వేషంరా?" ఓరజ్‌బెక్ పేపరు దించాడు.

"వేదిక మీదకి ఇలాగే వెళ్తాం నాన్నా. ముందు పాట విను, జుట్టు తర్వాత చూద్దువుగాని."

"మసీదు దగ్గర నిలబెట్టి అడుగుతున్నార్రా నన్ను! మాస్టారూ, మీకు కొడుకా కూతురా అని!"

"అన్నీ కజక్ పాటలే నాన్నా. నువ్వు నేర్పిన భాషే."

"నా భాషకి కాటుక దిద్దమని నేను చెప్పలేదు."

"వాడు రెండు రోజుల నుంచి నిద్ర లేకుండా ఉన్నాడు, టీ అన్నా తాగనివ్వండి" అంటూ కుల్యాష్ మధ్యలో దూరి గిన్నెలో సగానికి టీ పోసింది. కజక్ ఇళ్ళల్లో టీ సగమే పోస్తారు, కూర్చుని మళ్ళీ మళ్ళీ పోయించుకోమని. నిండా పోశారంటే తాగి బయల్దేరమని.

"నింపు" అన్నాడు ఓరజ్‌బెక్.

"అదేం మాటండీ? కన్నకొడుక్కి!"

"అంచుదాకా నింపమంటున్నాను!"

ఆ గొంతుకి ఆమె ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు. అంచుదాకా పోసింది, టీ బల్ల మీదకి ఒలికింది. దౌరెన్ తండ్రి వైపు చూడలేదు, తల్లి ముఖంలోకే చూశాడు. రెండు గుక్కలు తాగి సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. బౌర్సాకు ఒక్కటీ ముట్టలేదు.

ఐదు కాకుండానే కబురొచ్చింది. హాలు ముందు వందమంది మగాళ్ళు చేరి కచేరీ జరగనివ్వం అన్నారట. సర్దిచెబుదామని దౌరెన్ బయటికొచ్చాడట. ఒకడు చెవిపోగు పట్టి గుంజాడు. ఇంకొకడు అదే చెవి మీద కొట్టాడు.

"తమ్మెకి కుట్లు వేశాం. లోపల నరం పోయింది. ఎడమ చెవి ఇక వినపడదు" అన్నాడు డాక్టరు.

ఆసుపత్రి వరండాలో కచేరీకి వచ్చిన పాతికమంది పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళలోంచి ఒక పిల్ల ముందుకొచ్చి, తడబడుతూ కజక్‌లో అడిగింది. "మాస్టారూ, దౌరెన్ అన్న మళ్ళీ పాడతాడా?"

ఓరజ్‌బెక్ ఆమెను గుర్తుపట్టాడు. "మీ అమ్మ ఐదేళ్ళు నా క్లాసులో కూర్చుంది. ఒక్క ముక్క పలకలేదు. నీకెవరు నేర్పారమ్మా?"

"అన్న పాటలు. అర్థం తెలీకపోతే మా నాన్నమ్మని అడుగుతాం."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నేనే కదే వాణ్ణి గెంటేశాను" అన్నాడు.

"మీరు నింపమన్నారు. నింపింది నేను" అంది కుల్యాష్. తనను తాను క్షమించుకోవడం ఆమెకు ఇక ఎప్పటికీ చేతకాదు.

తొమ్మిదో రోజు పొద్దున్నే దౌరెన్ ఇంట్లో, బల్ల దగ్గర తన పాత చోటనే కూర్చున్నాడు. తలకు కట్టు. ఎన్నడూ కెటిల్ ముట్టని ఓరజ్‌బెక్ దాన్ని భార్య చేతిలోంచి తీసుకుని, గిన్నెలో సగం పోసి, కొడుకు ముందు పెట్టాడు. ఎప్పటిలాగే వాడికి ఎడమ పక్కన కూర్చున్నాడు.

"తాగరా, చల్లారిపోతుంది."

దౌరెన్ కిటికీలోంచి చూస్తున్నాడు. తల తిప్పలేదు.

"తాగరా."

కోపం ఇంకా పోలేదేమో అనుకుంది కుల్యాష్. భర్త ముఖం చూశాక గాని ఆమెకు అర్థం కాలేదు. ఓరజ్‌బెక్ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కుడి పక్కన కూర్చున్నాడు.

"టీ తాగు నాన్నా."

దౌరెన్ ఉలిక్కిపడి చూశాడు. తాగాడు.

"ఒకటి పాడరా. నేనొక్కటీ వినలేదు."

"శ్రుతి అందట్లేదు నాన్నా. నా గొంతు నాకే సగం వినిపిస్తోంది."

 దౌరెన్ ఖాళీ గిన్నె తండ్రి ముందుకు జరిపాడు. ఓరజ్‌బెక్ ఏడుస్తూనే మళ్ళీ సగం పోశాడు.