గేటు లేని టోల్ దగ్గర 5:22

పాపన్న శవం కల్వర్టు పక్కన పడి ఉంది.

జూన్ నెల, మంగళవారం. ఉదయం 5:50. పుంగనూరు నుంచి మదనపల్లెకు వచ్చే రోడ్డు. రెండు పాల క్యాన్లు బోర్లాపడి, పాలు తారు మీద మడుగు కట్టాయి. పాపన్న ఆకుపచ్చ మోపెడ్ ముందు చక్రం వంకర తిరిగిపోయింది.

కొంచెం దూరంలో టీ కొట్టు నడిపే ఆమె చప్పుడు విన్నది. అప్పుడు టైం 5:20. ఆమె బయటికి వచ్చేసరికి ఒక తెల్ల పికప్ బండి మదనపల్లె వైపు దూసుకుపోయింది. నంబర్ కనపడలేదు. నలుగుర్ని వెంటేసుకుని వెళ్లేసరికి పాపన్న ప్రాణం పోయింది.

సీఐ ఉషారాణి రోడ్డుకేసి చూసింది. అర కిలోమీటరు ముందు, రోడ్డుకు అడ్డంగా ఇనుప కమాను. దాని మీద వరసగా కెమెరాలు.

అది కొత్త టోల్. గేటు లేదు, గది లేదు, చిల్లర లేదని గొణిగే మనిషి లేడు. బండి ఆగక్కర్లేదు. అద్దం మీద ట్యాగ్‌ను పై నుంచే చదివేస్తుంది, డబ్బు కోసేస్తుంది. ట్యాగ్ దొరక్కపోతే నంబర్ ప్లేట్ ఫోటో తీసి, ఓనర్ ఫోన్‌కు నోటీసు కొడుతుంది. పెట్టి మూడు నెలలైంది. ఆ మూడు నెలలూ డ్రైవర్లు దాన్ని తిట్టని రోజు లేదు.

"అదృష్టం మేడం, కెమెరా ఉండాది" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ వెంకటేశులు.

ఎనిమిది గంటలకు టోల్ టెక్నీషియన్ గణేష్ లాప్‌టాప్ పట్టుకుని స్టేషన్‌కు వచ్చాడు.

"5:15 నుంచి 5:30 వరకు ఎన్ని తెల్ల పికప్‌లు?"

"ఒక్కటే మేడం. 5:22కి."

"ట్యాగ్?"

"రీడ్ కాలేదు."

"నంబర్?"

"చివర 4173."

"తప్పు చదివే ఛాన్స్ ఉందా?"

గణేష్‌కు కోపం వచ్చింది. "మనుషులు తప్పు చదువుతారు మేడం. ఇది చదవదు."

ఉషారాణి ఫోటో దగ్గరగా చూసింది. బ్లాక్ అండ్ వైట్. తెల్ల ప్లేటు మీద నల్ల అంకెలు. నాలుగు, ఒకటి, ఏడు, మూడు. చిన్నపిల్లలైనా చదువుతారు. ఇంకేం కావాలి?

4173 బండి మదనపల్లె ఖాదర్ వలిది. అప్పుడే ఇంటికొచ్చి పడుకున్న మనిషిని లేపి తెచ్చారు. బండిని కూడా తెచ్చి స్టేషన్ ఆవరణలో పెట్టారు. ముందు బంపర్‌కు సొట్ట ఉంది. పోయిన నెలలో పడిందని అతనంటాడు. ఎవరు నమ్ముతారు?

"పొద్దున 5:22కి ఎక్కడున్నావ్?"

"రామకుప్పం కాడ మేడం. కుప్పంలో టమాటా ట్రేలు దించి వస్తాంటిని."

"మెయిన్ రోడ్డు మీద ఎందుకు రాలేదు?"

"టోల్ ఉండాది కదా మేడం. పల్లెల్లో పడి వచ్చినాను."

"ట్యాగ్ లేదా?"

ఖాదర్ వలి తల దించుకున్నాడు. బండిలోంచి వెంకటేశులు తెచ్చిన స్టీలు డబ్బా మూత తీశాడు. లోపల, వెండి రేకు కాగితంలో చుట్టి, ట్యాగ్.

"అద్దానికి అంటించాల్సింది డబ్బాలో ఎందుకుంది?"

"బండి ఇంటికాడ నిలబడుకోని ఉన్నా దుడ్లు కోస్తాండాదని అందరూ అంటాండారు మేడం. స్టీలు డబ్బాలో పెడితే మిషనుకు కనపడదని దేవరాజులన్న చెప్పినాడు. మా డ్రైవర్లందరి బండ్లల్లో ఇట్లాంటి డబ్బా ఉండాది."

"అంటే నువ్వు ఆ దారిలో వచ్చావని రుజువు లేదు."

"ఏనుగులు రాగి చేల్లో పడినాయి మేడం. ముప్పావు గంట బండి నిలిపేసినారు."

"ఎవరు?"

"టార్చి లైట్లు పట్టుకున్న ఊరోళ్లు. పేర్లు నాకేం తెలుసు మేడం? అల్లా మీద ఒట్టు, ఆ పెద్దాయన్ను నేను చూడనే లేదు."

మిషనుకు దొరక్కూడదని దాక్కున్న మనిషి ఇప్పుడు ఏ మిషన్‌లోనూ లేడు. ఒక్క టోల్ ఫోటోలో తప్ప. ఫోన్ ఏ టవర్ కింద ఉందో తెలియాలంటే రెండు రోజులు పడుతుంది. అంతవరకు ఆగేదెవరు? సాయంత్రం ఐదుకు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టి, రిమాండ్‌కు పంపించాలి. ఉషారాణి రిమాండ్ రిపోర్ట్ రాసి సంతకం పెట్టేసింది.

బయట పాపన్న ఊరివాళ్లు గుమిగూడారు. ఎవడో రాయి విసిరి ఖాదర్ బండి అద్దం పగలగొట్టాడు. పాపన్న భార్య ఆదెమ్మ కానిస్టేబుళ్లను తోసుకుని లోపలికొచ్చింది. ఖాదర్ చెంప పగిలేట్టు కొట్టింది.

"ఆపి చూస్తే నీ సొమ్మేం పోయిండేదిరా?"

ఖాదర్ చెయ్యి అడ్డం పెట్టలేదు. వరండాలో కూర్చున్న అతని భార్య ఫాతిమా చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "జైలుకు పోతే మళ్లీ ఈ ఊర్లో ఎవురు లోడిస్తారమ్మా ఈయనకు? మనిషిని గుద్ది పారిపోయినోడనే సచ్చేదాకా అంటారు" అని ఉషారాణి కాళ్లకు అడ్డం పడింది.

పదకొండింటికి దేవరాజులు వచ్చాడు. పికప్ ఓనర్ల సంఘానికి ప్రెసిడెంట్. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"మా వాడే మేడం. అయినా తప్పు తప్పే. చట్టం చూసుకుంటుంది."

"కెమెరా పొరపాటు పడిందని అతనంటున్నాడు."

"కెమెరా ఏం పొరపాటు పడతాది మేడం? మనిషి అబద్ధం చెప్తాడు గానీ అదెందుకు చెప్తాది?"

"మీ బండి ఈరోజు తీశారా?"

"లేదు మేడం. రెండు రోజులుగా ఇంటికాడే ఉండాది."

నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఉషారాణి అతను వెళ్లిన వైపే చూస్తూ ఉండిపోయింది. మనసులో ఏదో గుచ్చుకుంటోంది.

బీరువాలోంచి ఒక అర్జీ తీసింది. 'టోల్ కెమెరాలు నంబర్లు తప్పుగా చదువుతున్నాయి. అమాయక డ్రైవర్లకు నోటీసులు వస్తున్నాయి. వెంటనే తీసివేయాలి.' కింద దేవరాజులు సంతకం. తేదీ పోయిన శుక్రవారం. మూడు నెలలు ఆ కమాను కింద జెండాలు పట్టుకుని అరిచిన పెద్దమనిషి! సొంత సంఘం డ్రైవర్ ఇరుక్కున్న రోజే కెమెరా మీద ఇంత భక్తి ఎట్లా పుట్టింది?

"గణేష్, ఆ ఫోటో మళ్లీ పెట్టు. పెద్దది చెయ్."

నల్ల బంపర్ మీద నాలుగు గుండ్రటి తెల్ల మచ్చలు.

"ఇవేంటి?"

"లైట్ పడి మెరిసింటాది మేడం."

వెంకటేశులు వంగి చూశాడు. "కాదు మేడం, బొట్లు. కొత్త టమాటా తోటలో మొదటి కోత లోడు మండీకి పోయేటప్పుడు బండికి పూజ చేసి కుంకుమ పెడతారు. ఎవురి బండైనా సరే. సాయిబుల బండికీ పెడతారు, వాళ్లూ వద్దనరు."

"కుంకుమ ఎర్రగా కదా ఉండాలి? బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో ముదురుగా పడాలి. ఇవి తెల్లగా ఉన్నాయేం?"

"వెలుతురు చాలనప్పుడు ఇది ఇన్‌ఫ్రారెడ్ మేడం" అన్నాడు గణేష్ విసుగ్గా. "మన కంటికి కనపడని వెలుగు. దానికి రంగులు తెలీవు. నలుపు తప్ప పసుపు, ఎరుపు అన్నీ తెల్లగానే పడతాయి."

అనేసి లాప్‌టాప్ మూయబోయాడు. పాపం, తానేం చెప్పాడో అతనికే తెలియదు.

ఉషారాణి లేచి నిలబడింది. రిమాండ్ రిపోర్ట్ ఫైలు మీద చెయ్యి పెట్టి ఆగింది. టైం 1:40.

రెండు ఫోన్లు చేసింది. ఒకటి ఆర్టీవో ఆఫీసుకు. ఇంకొకటి టమాటా మండీకి. తర్వాత వెంకటేశులును పిలిచి చెవిలో ఏదో చెప్పింది. అతను కళ్లు పెద్దవి చేసుకుని జీపెక్కాడు.

మధ్యాహ్నం 3:45. స్టేషన్ వెనకాల పట్టుబడిన బండ్లు పెట్టే రేకుల షెడ్డు. అందరినీ అక్కడికి పిలిపించింది. ఖాదర్ వలి, ఫాతిమా, ఆదెమ్మ, గణేష్, దేవరాజులు. షెడ్డు మధ్యలో ఒక తెల్ల పికప్.

"ఇది నా బండి కదా! ఎవరు తెచ్చినారు?" అన్నాడు దేవరాజులు.

"నేనే తెప్పించాను. మీ సంఘం వాళ్లు ఒకే నెలలో, ఒకే షోరూంలో పదిమంది పికప్‌లు కొన్నారట. నంబర్లు వరసగా వచ్చాయి. ఖాదర్‌ది 4173. మీదెంత?"

"ప్లేటు మీద ఉండాది కదా మేడం."

"మీ నోటితో చెప్పండి."

"4178."

"వెంకటేశులు, బొట్టు పెట్టు."

వెంకటేశులు కుంకుమ తడిపి, బొటనవేలితో పసుపు రంగు ప్లేటు మీద నిలువుగా దిద్దాడు. ఏడుకూ ఎనిమిదికీ మధ్యలో. ఎనిమిది ఎడమ అంచులు దాని కిందికి పోయాయి.

"ఆదెమ్మా, ఆఖరి అంకె ఎంతమ్మా?"

"ఎనిమిది" అంది ఆదెమ్మ. ఎర్రటి బొట్టు కింద నల్లటి ఎనిమిది ఉబ్బెత్తుగా కనపడుతూనే ఉంది.

షెడ్డు తలుపులు మూశారు. చీకటి. గణేష్ తెచ్చిన టోల్ కెమెరా క్లిక్‌మంది. లాప్‌టాప్ వెలిగింది.

ప్లేటు తెల్లగా. బొట్టూ తెల్లగా. ఎరుపు మాయమైంది, దాంతోపాటు ఎనిమిదికి ఎడమ పక్కా మాయమైంది.

4173.

"ఓరి దేవుడా!" అన్నాడు గణేష్.

తలుపులు తీశారు. దేవరాజులు ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా నోరు ఊరుకోలేదు.

"ఇట్లా చూస్తే ఎవురి బండైనా కావచ్చు మేడం. నా బండి ఇంటికాడే..."

"ఈరోజు 5:47కి మండీలో మీ లోడు దిగింది. మీ తోట మొదటి కోత. మీరే తోలుకొచ్చారు. హమాలీలు నలుగురు చెప్పారు. బొట్లు కూడా చూశారు. వెళ్తూనే వాటర్ సర్వీసులో కడిగించారు. ఎంత కడిగించినా ఎనిమిది అంచులో ఎరుపు ఇరుక్కునే ఉంది. వెంకటేశులు బొట్టు పెట్టకముందే ఫోటో తీసుకున్నాను. ముందున్న ఇనుప గార్డుకు ఆకుపచ్చ పెయింటు గీత ఉంది. పాపన్న మోపెడ్ రంగది. ల్యాబ్‌కు పంపిస్తున్నాను. మీ ట్యాగ్ ఎక్కడుంది?"

 వెంకటేశులు సీటు కింద నుంచి స్టీలు డబ్బా తీసి చూపించాడు.

"కెమెరా తప్పు చదువుతుందని మూడు నెలలు మొత్తుకున్నారు. అది నిజంగా తప్పు చదివిన రోజు మాత్రం అబద్ధం చెప్పదన్నారు. ఎందుకు?"

దేవరాజులు బండికి ఆనుకుని కింద కూలబడ్డాడు. "ఖాదర్ నంబర్ పడిందని ఫోన్ వచ్చింది మేడం. దేవుడే కాపాడినాడనుకున్నాను."

ఆదెమ్మ అతని ఎదుట కూర్చుంది. అరవలేదు. కొట్టలేదు.

"నువ్వు బండి దిగినావా?"

"దిగినానమ్మా."

"అప్పుడు మా ఆయప్ప బతికుండాడా?"

దేవరాజులు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"చెప్పు నాయనా. బతికుండాడా?"

"నీళ్లడిగినాడు."

"ఇచ్చినావా?"

"బాటిల్ బండిలోనే ఉండాది. మండీలో వేలం పాటకు టైం అయిపోతాందని... ఎక్కి పోయినాను."

 ఆదెమ్మ నేల మీద అరచెయ్యి ఆనించి కూర్చుండిపోయింది. దేవరాజులును లేపి తీసుకెళ్లేటప్పుడు కూడా తల ఎత్తలేదు.

4:35కి ఉషారాణి రిమాండ్ రిపోర్ట్ అడ్డంగా చించింది. ఖాదర్ వలి ఎదురుగా నిలబడి చూశాడు. దండం పెట్టలేదు.

"పొద్దున కూడా నేను ఈ మాటే చెప్పినాను కదా మేడం. అప్పుడు యాల నమ్మలేదు?"

ఇరవై ఏళ్ల సర్వీసులో ఆమెను ఎవరూ ఇట్లా నిలదీయలేదు.

"ఫోటో చూశాను. నిన్ను చూడలేదు. తప్పు నాదే ఖాదర్."

అతను తల ఊపాడు. క్షమించాడో లేదో తెలియదు. ఫాతిమా అతని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ గేటు దాకా వెళ్లారు. గేటు బయట పాపన్న ఊరివాళ్లు ఇంకా ఉన్నారు. లోపలేం జరిగిందో వాళ్లకు తెలియదు. ఖాదర్‌ను చూడగానే ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు.

వెనక నుంచి ఆదెమ్మ వచ్చింది. ఖాదర్ చొక్కా పట్టుకుంది.

"అప్పా, ఆస్పత్రిలో పోస్టుమార్టం అయిపోయిందంట. మా ఆయప్పను ఇంటికి తోలుకోని పోవల్ల. నీ బండి తెస్తావా?"

 "నా బండి యాలమ్మా? అద్దం కూడా పగిలిపోయింది. ఆంబులెన్సు వస్తాది కదా."

"వద్దు. నీ బండే రావల్ల. ఊర్లో అందరూ చూడల్ల, మా ఆయప్పను చంపింది ఈ బండి కాదని. నేను నీ పక్కనే కూసుంటాను."

గుంపు మొత్తం వింది. లేచినవాళ్లు లేచినచోటే నిలబడిపోయారు. ఉషారాణి బండి తాళాలు తెచ్చి ఇచ్చింది. ఖాదర్ వలి ముందు సీటు మీది గాజు పెంకులు చేత్తో ఏరి పారేసి, తన తువ్వాలు పరిచి, ఆదెమ్మను ఎక్కించుకున్నాడు.