కంఠతా వచ్చిన చూపు

కళ్ల ఆసుపత్రిలో నాది పరీక్ష గది. "పైనుంచి చదవండి" అనడమే నా ఉద్యోగం. రోజుకి అరవై మందితో అదే మాట అని అని, ఇంట్లో ఎవరైనా పేపరు పట్టుకున్నా నా నోట్లోంచి అదే ఊడిపడుతుంది. అక్క అయితే, నీ పెళ్లిచూపుల్లో అబ్బాయితో కూడా ఆ ముక్కే అంటావేమోనే అని బెంగ పెట్టుకుంది.

ఆ గది పట్టపగలు కూడా చీకటిగా ఉంటుంది. కిటికీకి నల్లగుడ్డ. స్పిరిట్ వాసన, పాత కుర్చీ తోలు వాసన. తిరిగినప్పుడల్లా టిక్కుమనే ఫ్యాను. అక్షరాలు ఇరవై అడుగుల దూరం నుంచి చదివించాలి, మా గదేమో అందులో సగం. అందుకని కుర్చీ వెనకాల, తలకి కాస్త పైన, లైటు పెట్టెలో చార్టు ఉంటుంది. ఎదురు గోడకి అద్దం. కుర్చీలో కూర్చున్నవాళ్లు అద్దంలో చూసి చదవాలి. చార్టు మీద అక్షరాలు తిరగేసి అచ్చు వేస్తారు, అద్దంలో అవి తిన్నగా పడతాయి. మొత్తం ఐదు వరుసలు. పైన గుమ్మడికాయంత అక్షరం ఒకటి, దిగే కొద్దీ చిన్నవై, ఐదో వరుసకి ఆవగింజలు.

ఇంతమంది కళ్లు చూసే నాకు తొమ్మిదో ఏట నుంచి సోడాబుడ్డి కళ్లద్దాలు. మా బావ, అక్కతో పెళ్లిపీటల మీదే నాకు "సోడాబుడ్డి" అని పేరు పెట్టాడు. నేను ఆయనకి "గుండు బావ" అని పెట్టాను. చెల్లుకు చెల్లు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. మనిషి వెన్న. నన్ను ఎక్కించుకున్నాక నాలుగు స్టాపుల దాకా అద్దంలో వెక్కిరిస్తూనే ఉండేవాడు.

ఆ కళ్లద్దాలు వదిలించుకోడానికి ఈమధ్యే లేజరు చేయించుకున్నాను, మా డాక్టరమ్మే చేసింది. ఒక్కో కంటికి నిమిషం కూడా పట్టలేదు. వెంట్రుక కాలిన వాసన వచ్చింది, అంతే. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఎదురింటి మేడ మీద ఆరేసిన చొక్కాకి గుండీలు కనిపించాయి. ఆదివారం అక్క వాళ్లింటికి వెళ్లి బావ నెత్తిన వెంట్రుకలు లెక్కపెట్టాను, పదకొండు. నీకు కళ్లొచ్చింది నా పరువు తియ్యడానికా అని ఆయన మొత్తుకున్నాడు. అందరం నవ్వాం.

అక్క వంటింట్లోకి వెళ్లగానే ఆయన గొంతు తగ్గించాడు. శుక్రవారం మా ఆసుపత్రిలో డ్రైవర్ల కళ్ల పరీక్షట. "మరదలా, ఆ పాట కాస్త మర్చిపోయాను. ఒక్కసారి అందించవా."

నా నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది.

ఆ పాట నేను కట్టిందే. కిందటేడు పరీక్ష ముందు, ఎడమ కన్ను మసకగా ఉంది, వరుసలు అందట్లేదు, ఉద్యోగం పోతే ఏం చెయ్యాలి అని బావ దిగులుపడ్డాడు. డ్రైవర్ల పరీక్ష డాక్టరమ్మ స్వయంగా చేస్తుంది, పక్కన నిలబడి కన్ను మూసే పలక పట్టుకోవడమే నా పని. అక్కడ ఏమీ చెయ్యలేను. కానీ మా చార్టు మారి ఆరేళ్లయింది. నాకు నిద్రలో లేపినా వస్తుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో మాట పెట్టి, మరదలికి ఉండాల్సిన చిలిపితనమంతా దట్టించి, బావ మీదే పాట కట్టాను.

గుండు
బావ లేచాడు
నెత్తి తుడిచి వచ్చాడు
పిల్లికి సలాం కొట్టి మురిశాడు
రోడ్డు దాటి ఎటో జోరుగా పోయాడు

గ. బ, ల. న, త, వ. ప, స, క, మ. చివరి వరుస ర, ద, ఎ, జ, ప. బావ పడీ పడీ నవ్వి నేర్చుకున్నాడు. పరీక్షలో ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు. సైగ చేసి మరీ మెచ్చుకున్నాను.

అది జరిగిన మూడు నెలలకి, బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే పెద్దాయన్ని బావ బస్సు గుద్దింది, ఆయన అక్కడికక్కడే పోయాడు. ఆయన చేతిలో కర్రకి గుండ్రటి ఎర్ర బిళ్ల ఉండేది, దాని మీద "ఆగు" అని తెల్లటి అక్షరాలు. పిల్లలందరూ ఆయన్ని "ఆగు తాతయ్య" అని పిలిచేవారట. చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లే మనవరాలు అదే రోడ్డు మీద బండి కింద పడి పోయాక ఆ కర్ర పట్టుకున్నాడట. అప్పటికి పిల్లలింకా రాలేదు, ఆయనొక్కడే ఉన్నాడు. ఆగి ఉన్న వ్యాను చాటు నుంచి ఒక్కసారిగా వచ్చేశాడని బావ చెప్పాడు. విచారణలో కళ్ల సర్టిఫికెట్ అడిగారు. రెండు కళ్లూ నిక్షేపంలా ఉన్నాయని అందులో ఉంది. రెండు నెలల తర్వాత బావ మళ్లీ బస్సెక్కాడు. నేను మాత్రం ఆ రూటులో ఎక్కడం మానేశాను. ఎందుకే అని అక్క అడిగితే, బావ మొహం చూళ్లేక అన్నాను. అది జోకనుకుంది.

ఆదివారం బావకి పాట అందించలేదు. పని ఉందని వచ్చేశాను.

సోమవారం డ్యూటీలో చేరాను. మొదటి పేషెంటుని కూర్చోబెట్టి, లైటు వేసి, అద్దం వైపు చూశాను. అక్షరాలు బ్లేడుతో కోసినట్టున్నాయి. ఐదో వరుస పక్కన చిన్న ఎర్ర చుక్క, ఆ వరుసలో అక్షరమంత. వెనక్కి తిరిగి చార్టు చూశాను, ఏమీ లేదు. అద్దం తుడిచాను, పోలేదు. లైట్ల చుట్టూ కొన్నాళ్లు వలయాలు, రంగులు కనిపిస్తాయని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఊరుకున్నాను.

మంగళవారం అది నాలుగో వరుస అక్షరమంత అయింది. గుండ్రంగా ఉంది. కింద సన్నటి గీత... కర్ర.

డాక్టరమ్మకి చెప్పాను, కర్ర సంగతి దాచి. ఆవిడ నా రెండు కళ్లూ పరీక్ష చేసి, ఇంత బాగా కుదిరిన కళ్లు ఈ ఏడాది చూడలేదని మురిసిపోయింది. నెల రోజులు ఓపిక పట్టమంది.

బుధవారం మూడో వరుస. కర్ర వెనకాల మనిషి ఉన్నాడు. చాలా దూరంలో, రోడ్డు చివర నిలబడ్డట్టు. అద్దంలో అంత దూరం ఎలా ఉంటుంది? గది మొత్తం కలిపినా అంత లేదు. పేషెంటు అక్షరాలు చదువుతున్నాడు. అతని భుజం మీదుగా ఆయన నా వైపే చూస్తున్నాడు. మొహం కంటికి ఆనలేదు. ఆయనకి నేను కనిపిస్తున్నానని మాత్రం తెలుస్తోంది.

మధ్యాహ్నం ఒక ఉపాయం తట్టింది. సంచిలో పాత సోడాబుడ్డి అద్దాలున్నాయి. ఇప్పుడు అవి పెట్టుకుంటే లోకమంతా మసకేసిపోవాలి. ఖాళీ గదిలో నిలబడి పెట్టుకున్నాను. చార్టు పోయింది. కుర్చీ పోయింది. నా చేతివేళ్లే నాకు ముద్దలా కనిపించాయి.

ఆయనొక్కడే... అలాగే ఉన్నాడు. తేటగా.

గురువారం రెండో వరుస. బిళ్ల మీద అక్షరాలు చదవగలిగాను. "ఆగు." అద్దంలో ఏ రాతైనా తిరగబడాలి. ఇది తిన్నగా ఉంది, మా చార్టులాగే. అద్దంలో చూసేవాళ్లు చదువుకోవడానికే రాసినట్టు.

ఆ సాయంత్రం బావకి ఫోన్ చేశాను. పరీక్షకి రావద్దు, ఆ కన్ను సంగతి డిపోలో చెప్పేసి వేరే పని అడగండి అన్నాను. పాట గుర్తొచ్చేసిందిలే, నువ్వు కంగారుపడకు అన్నాడు ఆయన. నేను గట్టిగా అనొచ్చు. అక్కకి చెప్పొచ్చు. అనలేదు, చెప్పలేదు. మనుషుల్ని ఆటపట్టించడానికి వెయ్యి మాటలొస్తాయి నాకు. ఆ ఒక్క మాట గొంతు దాటలేదు.

శుక్రవారం పదకొండు గంటలకి బావ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గెడ్డం. అలవాటుగా నా జడ లాగి కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరమ్మ కాగితం మీద తేదీ వేసింది. నేను తలుపు మూసి, లైటు వేశాను.

అద్దం వైపు చూడకూడదనుకున్నాను.

చూశాను.

అద్దంలో ఆ పెద్దాయన, బావ వెనకే ఉన్నాడు. దూరం లేదు. రోడ్డు లేదు. కుర్చీ వీపుకి ఆనుకుని నిలబడ్డాడు. బిళ్ల మా పైవరుస అక్షరమంత అయింది. తడిసిన కంకర వాసన... కాలిన రబ్బరు వాసన. ఫ్యాను టిక్కుమనడం మానేసింది. తిరుగుతూనే ఉంది.

పలకతో బావ కుడి కన్ను మూశాను. పలక అంచు ఆయన ముక్కుకి తగిలింది. పైనుంచి చదవమని డాక్టరమ్మ చెప్పింది.

"గ," అన్నాడు బావ.

అద్దంలో ఎర్ర బిళ్ల మెల్లగా లేచింది. పై అక్షరం దాని వెనక్కి వెళ్లిపోయింది.

"బ... ల."

రెండో వరుస పోయింది.

"న... త... వ."

అద్దంలో ఇంక చార్టే లేదు. "ఆగు" తప్ప ఏమీ లేదు. బావ మాత్రం చదువుతూనే ఉన్నాడు. ప అన్నాడు, స అన్నాడు... నేను పెట్టిన అక్షరాలే, నేను నేర్పిన రాగంలో. పిల్లికి సలాం దగ్గర పెదవి చివర చిన్న నవ్వు కూడా వచ్చింది. తర్వాతి వరుస రోడ్డుది. అది ఆ నోట వినలేననిపించింది.

"ఈయనకి ఆ కంటితో ఏమీ కనబడట్లేదు డాక్టరమ్మా," అన్నాను. "కంఠతా వచ్చు. నేనే నేర్పాను. కిందటేడు కూడా నేనే."

డాక్టరమ్మ కలం ఆగింది. నా వైపు చూసింది, బావ వైపు చూసింది. కేకలేస్తే బాగుండేది. వెయ్యలేదు. స్టోరులో ఇంకో చార్టు ఉంది, తెస్తాను, అప్పటిదాకా ఇద్దరూ ఇక్కడే ఉండండి అని లేచి వెళ్లింది. నా ఉద్యోగం కూడా ఆవిడ వెంటే వెళ్లిపోయిందని నాకు అర్థమైంది.

పలక దించాను. బావ అద్దం వైపే చూస్తున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టే హక్కు ఉంది. అక్క మొహం ఎలా చూడాలో తెలియలేదు.

అద్దం వైపు చూస్తూనే అన్నాడు. "వ్యాను లేదు మరదలా."

నాకు అర్థం కాలేదు.

"చాటు నుంచి రాలేదు ఆయన. నడిరోడ్డు మీద నిలబడే ఉన్నాడు. ఎర్రగా ఏదో కనిపించింది... దూరంగా పోయే బండి వెనక లైటనుకున్నాను. ఒంటి కంటితో దూరం తెలియలేదు, ఇంకా చాలా దూరం ఉందనుకున్నాను."

బావ భుజం మీద చెయ్యి వేశాను. మా ఇద్దరి మధ్యా ఇన్నేళ్లలో వెక్కిరింత లేని క్షణం అదొక్కటే. అద్దంలోకి చూశాను. పెద్దాయన ఇంకా ఉన్నాడు. బిళ్ల దించేశాడు. పోతాడేమో, ఇక చాలనుకుంటాడేమో అని ఎదురు చూశాను.

బావ అద్దంలోకే చూస్తూ, అటు నుంచి చూపు తిప్పకుండా, గుసగుసగా అడిగాడు.

"ఆ పాప చెయ్యి వదిలేశాడేంటి ఆయన?"

మూడు రోజులుగా నా కొత్త కళ్లకి ఆయన ఒక్కడే కనిపించాడు. ఇప్పుడూ ఒక్కడే ఉన్నాడు.

"ఏ పాప బావా?"

బావ ఊపిరి బిగబట్టి, ఒళ్లో పెట్టుకున్న రెండు చేతుల్నీ నెమ్మదిగా పైకెత్తాడు... ఎవరో ఎక్కి కూర్చుంటుంటే చోటిచ్చినట్టు.