జెట్టీ చివరి గదిలో చప్పుడు

జెట్టీ చివర, మూడు పక్కలా నీళ్లే ఉన్న ఆ రేకుల గదికి మంచి పేరు లేదు. పగలు పర్వాలేదు. పొద్దుగూకాక అక్కడ డ్యూటీ అంటే మాత్రం, ఎంత కండలు తిరిగినవాడికైనా ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చేది.

అది తిమింగలాల అరుపులు వినే గది. సముద్రం అడుగున రెండు మైకులు వేసి పెట్టారు. ఒకటి జెట్టీ కిందే, ఇంకొకటి రెండు మైళ్ల అవతల రాళ్లగుట్ట దగ్గర. గదిలో కూర్చుని హెడ్‌ఫోన్ తగిలించుకుంటే డాల్ఫిన్ల ఈలలు, తిమింగలాల మూలుగులు వినిపిస్తాయి. విన్నది విన్నట్టు పుస్తకంలోకి ఎక్కించాలి. అంతే పని.

కానీ ఏడాదిగా ఇంకొకటి కూడా వినిపిస్తోందట. అర్ధరాత్రి దాటాక... నీళ్ల అడుగునుంచి ఎవరో తలుపు తట్టినట్టు.

టక్. టక్. టక్.

కాసేపు ఏమీ ఉండదు. పోయిందనుకునేలోపు మళ్లీ — టక్. టక్. టక్.

ఇద్దరు బదిలీ చేయించుకుని పోయారు. ఇంకొకాయన హెడ్‌ఫోన్ మెడలో వేలాడుతుండగానే జెట్టీ పొడవునా పరుగు లంకించుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు — పగటిపూట.

తిరిగి తిరిగి ఆ డ్యూటీ టేపులమ్మకి పడింది.

రోజంతా పాత రికార్డింగులు వింటూ కూర్చుంటుంది కాబట్టి ఆఫీసులో అందరూ ఆమెని అలాగే పిలిచేవారు. ఆమె భర్త ఆ ఆఫీసులోనే బోటు నడిపేవాడు. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం, రాళ్లగుట్ట దగ్గరి మైకు చూసి రమ్మని పెద్దసారు పంపితే వెళ్లాడు. చీకటిపడే వేళకి గాలి లేచింది. తెల్లారి చూస్తే బోటు బోర్లా పడి ఉంది, దాని కింద అతను.

"ఒక్క క్షణంలో అయిపోయిందమ్మా. బాధ కూడా తెలిసి ఉండదు" అన్నాడు పెద్దసారు, ఆమె మొహం చూడలేక గోడకేసి చూస్తూ.

తర్వాత ఆయనే నలుగురితో పోట్లాడి ఆమెకి ఈ ఉద్యోగం వేయించాడు. పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. ఏ చప్పుడు ఏ జంతువుది, ఎంత దూరం నుంచి వస్తోంది... కన్నకూతురికి చెప్పినంత ఓపిగ్గా.

"రాత్రిళ్లు ఆ గదికి పోతావా?" అంది అత్తగారు, డ్యూటీ సంగతి తెలిసిన రోజున. "అక్కడ తట్టేదెవరో ఊరంతా గుసగుసలాడుకుంటున్నారు. నువ్వు కనబడితేనే నోళ్లు మూస్తున్నారు."

"నోళ్లు మూసినంత మాత్రాన నాకు తెలీదా అత్తయ్యా? ఆయనే అయితే నాకు భయమెందుకు? మాట్లాడి మూడేళ్లయింది."

అత్తగారు ముఖం అటు తిప్పుకుంది.

మొదటి రెండు రాత్రులు ఏమీ లేదు. మూడో రాత్రి, ఒంటిగంటన్నరకి...

టక్. టక్. టక్.

ఆమె హెడ్‌ఫోన్‌ని చెవులకి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఏమండీ..." అంది, మైకులకి మాటలు వినపడవని తెలిసి కూడా.

చప్పుడు ఆగింది. మళ్లీ మూడు.

తెల్లవారాక పెద్దసారు దగ్గరికెళ్లి చెప్పింది. "అది తిమింగలమమ్మా. లోతు నీళ్లలో తిరిగే రకం. సుత్తితో కొట్టినట్టే ఉంటుంది దాని చప్పుడు. నువ్వు భయపడకు" అన్నాడాయన. టీ సగంలోనే వదిలేసి లేచిపోయాడు. పనుందనుకుంది ఆమె.

నమ్మేద్దామనే చూసింది. కానీ చెవి ఒప్పుకోలేదు. ఆ రకం తిమింగలం రికార్డింగులు ఆమె వందలు విన్నది. అది కొట్టుకుంటూ పోతుంది, ఆగదు. ఇది మూడుసార్లు కొట్టి ఆగుతోంది. ఊరికే ఆగడం కాదు... ఎవరైనా పలుకుతారేమోనని చెవి ఒగ్గినట్టు ఆగుతోంది.

వారం తర్వాత ఆమె ఇంకొకటి గమనించింది. రెండు మైళ్లు నీళ్లలో దాటడానికి చప్పుడుకి రెండు సెకన్లు పడుతుంది. పెద్దసారు నేర్పిన మొదటి పాఠం అదే. ఎక్కడ పుట్టిన చప్పుడైనా ఒక మైకుకి ముందూ ఇంకోదానికి వెనకా అందాలి. ఈ తట్టడం మాత్రం రెండింట్లోనూ ఒకే క్షణంలో పడుతోంది.

అంటే అది సముద్రంలో లేదు.

వైరులో ఉంది.

హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. అందులోంచి సన్నగా తడుతూనే ఉంది. టార్చి తీసుకుని, గోడ మీది నల్లటి వైరు వెంట బయటికి నడిచింది. జెట్టీ కమ్మీ పొడవునా, దీపాల కింద నుంచి, ఆఫీసు వైపు...

"ఎక్కడికమ్మా ఈ వేళప్పుడు?" గేటు దగ్గర వాచ్‌మన్ తాత లేచి నిలబడ్డాడు.

"ఆ తట్టేదెవరో చూసొస్తా తాతా."

"వద్దు తల్లీ... వెతుక్కుంటూ పోకూడదు అలాంటివాటిని..."

ఆమె ఆగలేదు. వైరు ఆఫీసు గోడెక్కి, మెట్ల పక్కనే పైకి పోయి, ఒక తలుపు సందులోంచి లోపలికి దూరింది. తలుపు కింద వెలుతురు గీత.

నెట్టింది.

పెద్దసారు. చొక్కా లేకుండా, చెవులకి హెడ్‌ఫోన్‌తో, కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పాత టేపు తిరుగుతోంది. ఆమె నీడ మీద పడేసరికి కళ్లు తెరిచి, దెయ్యాన్ని చూసినవాడిలా అదిరిపడ్డాడు.

"నాకు కింద వినిపిస్తోంది సార్. ఏడాదిగా అందరికీ వినిపిస్తోంది."

పోయినేడు వైర్లు మార్చినవాడు రెండు గదులకీ ఒకటే లైను ఇచ్చి పోయాడు. ఆ సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది.

"ఏ రోజుది సార్ ఈ టేపు?"

ఆయన తిరుగుతున్న టేపు వైపు చూశాడు. "ఆ రాత్రిదే."

ఆమె తలుపు రెక్క పట్టుకుంది.

"గాలికి అవతలి ఒడ్డున ఆగిపోయాడనుకున్నానమ్మా. ఎప్పుడూ అలాగే ఆగేవాడుగా. వినే గదిలో నేనే ఉన్నాను. తట్టడం మొదలైంది... ఒడ్డుకింత దగ్గర్లో ఆ తిమింగలం ఎవరికీ దొరకలేదు. ఎగిరి గంతేశాను." ఆయన గొంతు కిందికి పోయింది. "తెల్లారి బోటు తిప్పితే అతని చేతిలో పానా ఉంది. వేళ్లు విడదీసి నేనే తీశాను."

"ఎంతసేపు?"

"ఐదు గంటలు. నాలుగూ నలభైకి ఆగింది."

"మరి ఇప్పుడెందుకు వింటారు?"

"ఒక్కసారైనా తిమింగలంలా వినిపిస్తుందేమోనని... రోజూ మొదటి భాగమే విని ఆపేస్తాను."

ఆమె హెడ్‌ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"వద్దమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాను."

తీసుకుని పెట్టుకుంది. గాలి హోరు కింద, ఇనుము మీద ఇనుము. మూడు. నిశ్శబ్దం. మూడు. నిశ్శబ్దం.

ఆ తర్వాత... దగ్గర్నుంచి, స్పష్టంగా, ఇంకెవరో కొట్టారు. మూడు.

ఒక్క క్షణం ఏమీ లేదు. అంతలో బోటు లోపలి నుంచి లెక్కా పత్రం లేకుండా టకటకా టకటకా మోత... సంతోషం పట్టలేక కొట్టినట్టు. తర్వాత నెమ్మదించి, మూడు. దగ్గర్నుంచి బదులు, మూడు.

ఆమె హెడ్‌ఫోన్ తీసేసింది. "ఆయనకి ఎవరో జవాబిచ్చారు సార్. ఎవరు?"

పెద్దసారు బల్లమీది నోటుపుస్తకం ఆమె వైపు జరిపాడు. పైన ఆ రాత్రి తేదీ. కింద ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు.

"నీళ్లలో స్పీకరు వేసి దాని చప్పుడే తిరిగి దానికి వినిపించాను. వెంటనే స్పందించింది. చాలా ఉత్సాహంగా ఉంది. తెల్లవార్లూ ఇలాగే కొనసాగించాలి."

తన మనిషి ఐదు గంటలపాటు అంత ఓపిగ్గా ఎలా తట్టాడో ఆమెకి అప్పుడు అర్థమైంది. వస్తున్నామని చెబుతున్నారనుకున్నాడు.