బకెట్లో మిగిలింది

స్నానాల గది నేల మీది కన్నంలోంచి నల్లటి నీళ్లు పైకి ఉబుకుతున్నాయి. పాలసీసా చేతిలో పట్టుకుని యాస్నా గడప దగ్గరే ఆగిపోయింది.

"మిలుటిన్, లే. మళ్లీ పొంగింది."

మొగుడు నిద్రకళ్లతో వచ్చాడు, చూశాడు, గోడకి చేరగిలబడ్డాడు. ఈస్టర్‌కి ముందే ట్యాంకర్ పిలిపించి సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించారు. నెలైనా కాలేదు. ఎల్లుండే స్లావా, ఇంటిని కాచే సెయింట్ జార్జ్ పండుగ. స్లావాకి ఎవరినీ పిలవరు, పిలవకుండానే వస్తారు. పిలవని వాళ్లని రావద్దని చెప్పేదెలా?

వంటింట్లో అత్తగారు స్తానిక పండుగ గోధుమలు ఏరుతోంది. కిటికీ పక్కన మామగారు వుకాషిన్ కూర్చున్నాడు. మే నెల ఎండలో కూడా రెండు చేతులూ కోటు జేబుల్లోనే ఉన్నాయి.

"ఆ బ్లీచింగ్ బుడ్డి ఇంట్లోకి వచ్చినప్పుడే అనుకున్నా," అంది స్తానిక తలెత్తకుండా. "ట్యాంకులో మురికిని తినే క్రిములన్నీ చచ్చాయి. పట్నం పిల్లకి ఏం తెలుస్తుంది? మీట నొక్కితే పోతుంది, ఎక్కడికి పోతుందో అక్కర్లేదు."

"ట్యాంకర్ అతను చెప్పిన రోజే మానేశాను అత్తయ్యా. సబ్బు తప్ప ఇంకేమీ పొయ్యడం లేదు."

"మరెవరు పోశారు? సెయింట్ జార్జ్ గుర్రం దిగొచ్చి పోశాడా?"

"అమ్మా, ఊరుకో," అన్నాడు మిలుటిన్. తర్వాత గొంతు తగ్గించి, "యాస్నా, నువ్వూ ఒక్కసారి గుర్తు తెచ్చుకో. పాప బట్టలు ఉతికేటప్పుడు, పొరపాటున ఎప్పుడైనా..."

అత్తగారి మాటలన్నీ కలిపినా ఆ ఒక్క మాటంత లోతుగా దిగలేదు. యాస్నా పాలసీసా బల్ల మీద పెట్టింది.

"ట్యాంకు మూత తియ్యి. ఏముందో నా కళ్లతో చూస్తాను. చూశాక పాపని తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతాను. స్లావాకి ఎవరైనా అడిగితే, ట్యాంకుని చంపి పారిపోయిందని చెప్పుకోండి."

"బెదిరిస్తున్నావా?" అంది స్తానిక.

"లేదు అత్తయ్యా. అలిసిపోయాను."

పెరట్లో ద్రాక్ష తోట మొదలయ్యే చోట ట్యాంకు ఉంది. తోటకి ఇదే చివరి ఏడు. పోయిన శరత్కాలంలో వరసల మధ్య వుకాషిన్ కూలిపోయాడు. వీపున మందు డబ్బా మోయకూడదన్నాడు డాక్టరు. మిలుటిన్ ఆ రోజే పిచికారీ యంత్రాన్ని ఎవరికో ఇచ్చేశాడు, పండుగ కాగానే తీగలు పీకించేస్తానన్నాడు. ముసలాయన ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పకపోవడమే అందరికీ హాయిగా తోచింది.

మిలుటిన్ గునపంతో కాంక్రీటు మూత పక్కకి జరిపాడు. స్తానిక కూడా వెనకే వచ్చి నిలబడింది. క్రిములు బతికుంటే పైన తేలాల్సిన గోధుమ రంగు తెట్టు లోపల లేదు. వేసినవి వేసినట్టే, కరగకుండా, అంచుదాకా నిండి ఉన్నాయి. యాస్నా ముక్కు మూసుకుని వంగింది. ఇంట్లోంచి వచ్చే తెల్లటి గొట్టం మూతి కనబడింది.

మూతికి నీలం పట్టింది. గచ్చు మీద సున్నం ఆరినట్టు, పొర మీద పొర.

"బ్లీచింగ్‌కి నీలం రంగు వస్తుందా, మిలుటిన్?"

అతనూ వంగి చూశాడు. ఆ రంగు అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు. ద్రాక్ష ఆకుల మీద, నాన్న చొక్కాల మీద, నాన్న వేళ్ల మీద చూసిన రంగు. మైలుతుత్తం. తోటకి బూజు పట్టకుండా సున్నంతో కలిపి కొట్టే మందు.

ముగ్గురూ వెనక్కి తిరిగారు. వుకాషిన్ గుమ్మం మెట్టు మీద నిలబడి ఉన్నాడు. స్తానిక మెల్లగా ఆయన దగ్గరికి నడిచింది. కోటు జేబులోంచి ఒక చెయ్యి బయటికి లాగింది. గోళ్ల చుట్టూ నీలం.

"నాతో కూడా చెప్పలేదు," అంది. ఆమె గొంతులో ఇందాకటి పదును లేదు.

"చెబితే వీడికి చెప్పేదానివి." వుకాషిన్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. యాస్నా వైపు చూశాడు. "నేనే పోశానమ్మాయ్. మీరు లేవకముందే తోటలోకి పోయేవాణ్ణి. యంత్రం లేదు కదా, మా నాన్న చల్లినట్టు బకెట్లో కలిపి చీపురుతో చల్లాను. వీడు తీగలు పీకేస్తాడని తెలుసు. పీకేదాకా ఆకుకి బూజు పడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. మిగిలింది పాదులో పోస్తే వేళ్లు మాడతాయి. వాకిట్లో పోస్తే రాళ్లు నీలమవుతాయి, మీకు తెలిసిపోతుంది. అందుకే స్నానాల గదిలో పోసి, చీపురు కూడా అక్కడే కడిగాను. క్రిములు చస్తాయని ట్యాంకర్ అతను నీకు చెబుతుంటే నేనూ విన్నాను. మర్నాడూ పోశాను. వీళ్లు నిన్ను అంటుంటే జేబుల్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు వెళ్లిపోతానన్నప్పుడు కూడా నోరు రాలేదు."

యాస్నా వచ్చి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఒక వరస పూర్తయ్యేసరికి చెయ్యి లేవడం మానేస్తోంది. సగం బకెట్టు అలాగే ఉండిపోతోంది. ఇదివరకు ఏమీ మిగిలేది కాదమ్మా."