బకెట్లో మునిగిన పూత

పొద్దున్నే కాఫీ గ్లాసుతో పట్టుపురుగుల ఇంటి దగ్గరికొచ్చిన భూమిక టక్కున ఆగిపోయింది. ఫ్రిజ్‌లోంచి తీసి అరుగు మీద పెట్టిన తన పెట్టె మూత తెరిచి ఉంది. లోపలి చిప్‌లన్నీ బ్లీచింగ్ నీళ్ళ బకెట్లో ఉన్నాయి.

"నాయనా! వీటిని ఎవరు ముంచింది?"

"నేనేమ్మా," అన్నాడు మునికృష్ణప్ప ఆకు గంప దించుతూ. "లోపలికి తెస్తానంటివి కదా. ఈడ దేవుడి పటమైనా ముంచకుండా లోపలికి పోదు."

బెంగళూరు ల్యాబులో మూడు నెలల కష్టం అది. ఒక్కో చిప్‌లో, గోడకు సజ్జలున్నట్టు వరుసగా, కంటికి ఆనని రేకులు. వాటికి ప్రోటీన్ పూత. పురుగులో, ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే గంటురోగం క్రిమి ఉంటే ఆ పూతకు అతుక్కుంటుంది, రేకు పిసరంత వంగుతుంది. అలా పంట పోకముందే రోగం తెలుస్తుంది. సోమవారానికి ఫలితం చూపించకపోతే ప్రాజెక్టు వేరేవాళ్ళకు పోతుంది. బ్లీచింగ్ తగిలాక ఇంకేం పూత, నా బొంద!

"నీకేం తెలుసని చెయ్యి పెడితివి? ఎప్పుడు చూసినా నీ పురుగులు, నీ బకెట్! మనుషులు పనికిరారా నీకు?"

వంటింట్లోంచి తల్లి యశోదమ్మ దూసుకొచ్చింది.

"మీ నాయన మింద అరవద్దే! ఆ బకెట్ ఎప్పట్నించి ఉండాదో తెలుసునా? ఆరో క్లాసులో అగ్గిపెట్టెలో ఎవరివో పురుగులు తెచ్చి మన తట్టలో కలిపితివే, ఆ ఏడాది నించి!"

మరిచిపోతుందా! ఆ రోజుల్లో పురుగులు ఆకు నమిలే చప్పుడు వింటూనే నిద్రపోయేది. 'అవి నా పురుగులు' అని ఊరంతా చెప్పుకుంది. గూళ్ళు కట్టే వేళకు పంటంతా మచ్చలు పడి పోయింది. నాయన గుంత తీసి పూడ్చేశాడు. ఎండలెక్కువై చచ్చాయన్నాడు. ఇన్నేళ్ళూ ఆమె అదే నమ్మింది.

"అది గంటురోగమా నాయనా? నా వల్లేనా?"

"నీ వల్ల యాడిదమ్మా, పసిబిడ్డవి. అగ్గిపెట్టె చూసి కూడా వద్దనలేదు నేను. నువ్వు నవ్వతాంటివి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే మళ్ళీ పురుగును ముట్టుకుంటుంటివా?"

భూమిక ఆయన భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. తరువాత ముక్కు తుడుచుకుని ప్రొఫెసరుకు ఫోన్ చేసింది.

"చిప్‌లు పాడైపోయాయి సార్. నా పొరపాటే. మళ్ళీ పూత వేస్తాను, కొంచెం టైమివ్వండి."

ప్రొఫెసరు విసుక్కుని, చివరికి నెల గడువిచ్చాడు. ఫోన్ పెట్టేశాక మునికృష్ణప్ప నొచ్చుకున్నాడు.

"ముంచింది నేను కదమ్మా. నీ మింద యాల ఏసుకుంటివి?"

"నీకేం తెలుసు నాయనా, పసిబిడ్డవి," అంది భూమిక, ఏడుపులోనే నవ్వుతూ.