తెర మీద తూర్పు గేటు

"ప్రాణంతో ఉన్న మనిషిని నీ చేతుల్లో పెడుతున్నా ఇల్మారీ. ప్రాణంతోనే నాకు అప్పజెప్పు," అంది రౌనీ సల్మేలా, హెల్సింకీ గూఢచారి విభాగానికి అధిపతి. "కోడ్ పేరు లోహి. అవతలి ముఠాలో సంకేతాలు రాసే ఉద్యోగిని. మనలో వాళ్లకి అమ్ముడుపోయింది ఎవరో ఆవిడకే తెలుసు. మధ్యాహ్నం ఓడలోంచి కారులో దిగుతుంది. తెరిచి ఉన్న గేటు వైపే వస్తుంది. పడమటి గేటు దగ్గర మనవాళ్లు."

"తూర్పు గేటు దగ్గర?"

"అవతలివాళ్ల చేపల వ్యాను. లోపల చేపలుండవు. రెండు గేట్లూ కంప్యూటర్ తెర మీంచి నడిపే వెబ్ పేజీ ఒకటి కావాలి. ఎంతసేపు?"

"కాఫీ కాగేలోపు."

గొప్పలు కావు. వెబ్ పేజీలకి అందరూ వాడే జావాస్క్రిప్ట్ భాష వాసన కూడా ఇల్మారీ వూరెలాకి గిట్టదు. ఏ బటన్ ఎక్కడుండాలో, నొక్కితే ఏం జరగాలో పైథాన్ భాషలో చెప్పేస్తాడంతే. తక్కిన చాకిరీ అంతా సర్వర్‌దే. బొమ్మ గీసి పంపేది అదే. బ్రౌజర్ దాన్ని చూపిస్తుంది, వేలు ఎక్కడ తగిలిందో వెనక్కి చెబుతుంది.

రేవులోని కంట్రోల్ గదిలో తెర ముందు కూర్చుంది తూలిక్కీ అర్వోలా. రేవు కార్మికురాలి నారింజరంగు కోటు వేసినా పెదాలకి ఎర్రరంగు మానలేదు. ఆరేళ్లుగా ఇల్మారీకి జంట ఏజెంటు. ప్రతి శనివారం ఇల్మారీ వాళ్లమ్మతో కలిసి సౌనా ఆవిరిగదిలో చెమటోడ్చి, ఆవిడ కాల్చిన సాసేజ్ తిన్న మనిషి. సౌనాలో పక్కన కూర్చున్నవాళ్లని అనుమానించేది ఎవరు చెప్పండి!

"అట్టు తిప్పడం రానివాడు హోటల్ పెట్టినట్టుంది నీ వ్యవహారం. దీంతో గేట్లు తెరుచుకుంటాయా మహానుభావా?"

"గేటు ఎంచుకో, 'తెరువు' నొక్కు. వెక్కిరింపులు తర్వాత."

పక్కగదిలో సర్వర్ ముందు కూర్చున్నాడు ఇల్మారీ. ఓడ ఒడ్డుకి ఆనింది. అతని తెర మీద ఒక వరుస మెరిసింది: తూర్పు. కాఫీ కప్పుతో రౌనీ తూలిక్కీ వెనకనుంచి నడిచి వెళ్లింది. ఇంకో వరుస: పడమర.

మామూలు పేజీల్లో బటన్ నొక్కేదాకా ఎంపిక చూసేవాళ్ల కంప్యూటర్లోనే ఉండిపోతుంది. తూలిక్కీకి అలవాటైనవి అవే. ఇక్కడ అలా కాదు, వేలు తగిలితే చాలు, కబురు సర్వర్‌కి చేరిపోతుంది. ముందు తూర్పు ఎంచుకుని, రౌనీ కనబడగానే పడమరకి మార్చిన సంగతి కూడా.

తలుపు దగ్గరికి వెళ్లాడు. "ఎంచుకున్నావా?"

"ఎప్పుడో. పడమర."

"వేరేదేమైనా ముట్టుకున్నావా?"

"ఎందుకు ముట్టుకుంటాను? ఏంటలా పాలిపోయావు? పొద్దున ఏమీ తినలేదా?" నవ్వింది.

పొరపాటున చెయ్యి తగిలిందని ఒక్క ముక్క అని ఉంటే నమ్మేసేవాడు. నమ్మడానికే వచ్చాడు పాపం! ఆ నవ్వుతో ఆ ఆశా పోయింది. ఆరేళ్ల స్నేహం, అమ్మ పెట్టిన తిండి, అన్నీ ఈ మనిషికి ఉత్త ఉద్యోగమేనా? ఏడుపొచ్చింది. ఏడవడానికి టైమ్ లేదు.

"రౌనీ గారూ," అన్నాడు చెవిలోని మైకులో, గొంతు తగ్గించి. "దొంగ మన గదిలోనే ఉంది. తలుపు దగ్గర నిలబడండి."

లోహి కారు ఓడ దిగుతోంది. చేపల వ్యాను ఇంజను మోగింది. ఇల్మారీ వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. రెండే లైన్లు. సేవ్.

అదే క్షణంలో తూలిక్కీ తూర్పు ఎంచుకుని బటన్ నొక్కింది. తెర మీద పచ్చటి అక్షరాలు: తూర్పు గేటు తెరుచుకుంది. తృప్తిగా లేచి కిటికీలోంచి చూసింది. తూర్పు గేటు మూసే ఉంది! పడమటి గేటు బార్లా తెరిచి ఉంది. లోహి కారు అందులోంచి దాటిపోయింది. మనవాళ్లు దాన్ని చుట్టుముట్టి తీసుకెళ్లారు.

వెనక్కి తిరిగేసరికి తలుపులో బేడీలతో రౌనీ, ఆమె పక్కన ఇల్మారీ.

తూలిక్కీ తెర వైపు చూసింది. పచ్చటి అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి.

"నీ పేజీ నాకు అబద్ధం చెప్పింది," అంది.

"దానికంత తెలివెక్కడిది? తూర్పు నొక్కితే పడమర తెరవమని రాసి, నేనే చెప్పించాను," అన్నాడు ఇల్మారీ. "ఆరేళ్లు నీ పక్కన కూర్చున్నాను. ఆ మాత్రం కూడా నేర్చుకోకపోతే ఎలా?"