గడియారానికి ఎదురుగా అమ్మ

ఆ ఇంట్లో పొద్దున ఏడున్నరకి బల్ల దగ్గర కూర్చునేది ఇద్దరే, తల్లీ కూతురూ. కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. తల్లి కౌన్సెలర్. పది గంటలకి ఆవిడ గదికి మొదటి మనిషి వస్తాడు. తండ్రి పన్నెండేళ్ళ క్రితమే వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టుకున్నాడు.

తల్లి మొదటినుంచీ కౌన్సెలర్ కాదు లెండి. పదహారేళ్ళు ఒక ఆసుపత్రిలో విచారణ కిటికీ వెనక కూర్చుంది. ఏ డాక్టరు ఏ గదిలో ఉంటాడో, ఏ పరీక్షకి ఏ అంతస్తు ఎక్కాలో అన్నీ ఆవిడ నాలుక చివరే ఉండేవి. జవాబు దొరికాక కూడా కొందరు అక్కణ్ణుంచి కదిలేవాళ్ళు కాదు. వాళ్ళకి కావలసింది గది నంబరు కాదని తెలియడానికి ఆవిడకి చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక నలభై రెండో ఏట మళ్ళీ పుస్తకాలు పట్టి, చదివి పాసయింది.

ఇప్పుడు ఆవిడ ఎవరికీ సలహా ఇవ్వదు. ఎవరి దారి వాళ్ళకే తెలుసని, తను పక్కన కూర్చుని మనసు పెట్టి వింటే చాలని ఆవిడ నమ్మకం. ఏం చెయ్యమంటారని ఎంత బతిమాలినా చెప్పదు. వాళ్ళన్న మాటే మెల్లగా వాళ్ళకి తిరిగి వినిపిస్తుంది. వచ్చినవాళ్ళ కుర్చీ వెనక గోడకి గడియారం ఉంటుంది. టైముకోసం మణికట్టు చూసుకుంటే వాళ్ళు నొచ్చుకుంటారని ఆ ఏర్పాటు. ఈ పద్ధతితో ఎందరో తేరుకున్నారు, కాదనను. చిక్కల్లా ఆవిడ దాన్ని ఇంటికి కూడా తెచ్చుకోవడమే.

ఆ పొద్దున కూతురు రొట్టె తుంచుతూ, నాన్న తన దగ్గరికి వచ్చి ఉండమన్నాడని, అక్కడ పని కూడా చూశాడని చెప్పింది. వెళ్ళిపోదామనుకుంటున్నానంది.

తల్లి మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

"వెళ్ళాలని అనిపిస్తోంది నీకు," అంది నెమ్మదిగా.

"అదేగా చెప్పాను."

"నాన్నతో ఉండి చూడాలని ఉంది."

అంటూనే ఆవిడ చూపు కూతురి తల మీదుగా ఒక్క క్షణం వెనక గోడ మీదికి పోయింది. కూతురు తిరిగి చూసింది. గడియారం, ఎనిమిదింబావు. ఇన్నేళ్ళుగా అమ్మ ఆ ఒక్క కుర్చీలోనే ఎందుకు కూర్చుంటోందో అప్పుడర్థమయింది.

కూతురు అరవలేదు, అరిచినా బాగుండేది. పరీక్ష తప్పి ఏడిస్తే బాధగా ఉంది నీకు అన్నావనీ, మొదటి జీతం తెచ్చి చూపిస్తే సంతోషంగా ఉంది నీకు అన్నావనీ, ఒక్కటీ వదలకుండా అప్పజెప్పింది.

"నీకెలా ఉందో ఎప్పుడైనా చెప్పావా అమ్మా? నాన్న పిలిచి మూడు వారాలయింది. నువ్వేమంటావో విందామనే ఇవాళ చెప్పాను. నువ్వు టైము చూసుకున్నావు."

భర్త వెళ్ళేనాడు తల్లి గుమ్మానికి అడ్డంపడి ఏడ్చింది, అయినా అతను ఆగలేదు. ఇంకెవరినీ ఉండమని అడగనని ఆనాడే ఒట్టు పెట్టుకుంది. తర్వాత నేర్చిన చదువు ఆ ఒట్టుకి బాగా పనికొచ్చింది. ఎదుటివాళ్ళని అర్థం చేసుకో, వాళ్ళని వాళ్ళున్నట్టే ఒప్పుకో, నీ మనసు వాళ్ళ దగ్గర దాచకు అని చెప్పింది పాఠం నేర్పిన పెద్దావిడ. మూడోదే కష్టమని కూడా చెప్పింది. కన్నకూతురి దగ్గర తను ఆ మూడోదాన్నే ఎగ్గొట్టింది.

"వెళ్ళొద్దు," అంది. "నువ్వు లేకపోతే నేనుండలేను. మీ నాన్న పిలిచాడంటే ఒళ్ళు మండిపోతోంది. ఇదీ నాకున్నది. నువ్వు వెళ్తానంటే పట్టుకుని ఆపను. కానీ వెళ్ళొద్దని అడుగుతున్నాను."

కూతురు భోరుమంది. కౌన్సెలింగు గదిలోనైతే బల్ల మీద కాగితపు రుమాళ్ళ డబ్బా ఉంటుంది. ఇంట్లో అలాంటిదేమీ లేదు, ఇద్దరూ వంటింటి తువ్వాలుతోనే కళ్ళు తుడుచుకున్నారు.

"నాలుగు రోజులుండి నాన్నని చూసొస్తానమ్మా," అంది కూతురు చివరికి. "ఉండిపోను."

తల్లి లేచి, కుర్చీ లాక్కుని కూతురి పక్కన, గడియారానికి వీపు పెట్టి కూర్చుంది.

పది గంటల మనిషి ఆ రోజు ఇరవై నిమిషాలు కౌన్సెలింగు గది గుమ్మంలో నిలబడ్డాడు. ఏమైందని అడిగితే ఆవిడ దాచలేదు. మా అమ్మాయితో మాట్లాడుతూ టైము చూసుకోలేదండీ అంది.